చుక్కమ్మ స్వాతి అయిన రోజు

బీరువా సర్దుతుంటే నా పదో తరగతి సర్టిఫికెట్ దొరికింది. అందులో ‘స్వాతి’ అన్న పేరు చూడగానే దాన్ని బోర్లా పెట్టేశాను. జాలరిపేట బడిలో నాతో చదివినవాళ్లారా, మీకు గుర్తుందా? నా అసలు పేరు చుక్కమ్మ.

నాలుగో తరగతిలో కొత్త మాస్టారు హాజరు పిలుస్తూ, "చుక్కమ్మా? మీ నాన్న సాయంత్రం వేసుకునే చుక్కేనా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. మీరూ నవ్వారు.

సంగతి తెలిసి మర్నాడు నాన్న వేట నుంచి నేరుగా బడికొచ్చాడు. లుంగీకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. మాస్టారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"బాబూ, ఈ పిల్ల పుట్టినపుడు నాను సముద్రంలో దారి తప్పిపోనాను. వేగుసుక్కని సూసుకుని ఒడ్డుకొచ్చినాను. అందుకే ఆ పేరెట్టినాను" అన్నాడు నాన్న.

"స్వాతి కూడా నక్షత్రమే కదయ్యా, పేరంటే అలా ఉండాలి" అంటూ మాస్టారు రిజిస్టర్‌లో చుక్కమ్మని కొట్టేశారు.

నాన్న నావైపు తిరిగి, "ఏటమ్మా, నీకే పేరు కావాల?" అనడిగాడు. ఆయన దగ్గర చేపల కంపు కొడుతోందని, అందరూ చూస్తున్నారని, నేను దూరంగా జరిగి "స్వాతి" అన్నాను.

ఆ మాస్టారంటే ఇప్పటికీ అసహ్యమే. అలా నాన్నకి దూరం జరిగిన నన్ను తలుచుకుంటే ఇంకా అసహ్యం.

నాన్న బతికున్నంతకాలం నన్ను మళ్లీ చుక్కమ్మా అని పిలవలేదు.