పోర్టల్‌లో పేరు పెట్టిన మా కిక్కర్

మా ఊరి కాలేజీ కిక్కర్‌ని ఒక పెద్ద యూనివర్సిటీ తీసుకుపోయింది. తీసుకుపోయి ఆడించలేదు. ఇది అన్యాయం. ఆ శీతాకాలం అతనొక్కడే కాదు, మా జట్టులో గట్టిగా ఆడగలిగినవాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. వాళ్ళ సంగతి పేపర్లో వచ్చింది. కిక్కర్ సంగతి రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. పెన్సిల్వేనియాలో ఈ చిన్న ఊరికి వచ్చి, కాలేజీ స్టేడియం ఎదురుగా పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ వెనక నిలబడి వయసంతా గడిపాను. నాకు వచ్చిన ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ నేర్పిందే. శనివారం మధ్యాహ్నం కౌంటర్ మీద రేడియో పెట్టుకునేవాణ్ణి. స్టేడియంలో అరుపు ముందు వినబడేది, అదెందుకో రేడియో ఆ తరవాత చెప్పేది. అలా ఏ అరుపు దేనికో చెవితోనే పోల్చుకోవడం నేర్చాను. రూల్సు లైబ్రరీలో కూర్చుని చదివాను. నాకు ఈ ఆట ఎవరూ నేర్పలేదు, నా దగ్గర ఎవరూ అబద్ధం చెప్పి తప్పించుకోనూ లేరు.

ఇక్కడి ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ. బంతిని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరిగెడతారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు. కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యనుంచి పంపే పని మాత్రం కిక్కర్ అనే ఒక్క మనిషిది. ఆట మొత్తంలో నాలుగైదు సార్లు లోపలికి వస్తాడు. మిగతా సమయమంతా పక్కన నిలబడి కాలు ఊపుకుంటూ ఉంటాడు. జట్టులో రెండో కిక్కర్‌కి పని ఉండదు. ఇది గుర్తుంచుకోవాలి.

పాత రోజుల్లో మాలాంటి చిన్న కాలేజీ నుంచి పెద్ద యూనివర్సిటీకి మారినవాడు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఆ ఏడాదే మాకు కంచె. మా కోచ్‌లు ఎవరూ ఏరుకోని పిల్లల్ని తెచ్చేవాళ్ళు. మొదటి ఏడు తిండి పెట్టి ఒళ్ళు చేయించేవాళ్ళు, రెండో ఏడు పని నేర్పేవాళ్ళు, మూడో ఏడు ఆ పిల్లలే వెళ్ళి ఏదో ఒక పెద్ద జట్టును ఓడించి వచ్చేవాళ్ళు. అలాంటి ఒక సాయంత్రం మా ఊళ్ళో కార్లన్నీ హారన్లు కొట్టుకుంటూ నా స్టేషన్ చుట్టూ తిరగడం నాకు నిన్నటిలా గుర్తుంది. ఇప్పుడు కంచె తీసేశారు. ఎవరైనా ఎప్పుడైనా మారవచ్చు. మారదలచినవాడి పేరు పోర్టల్ అనే కంప్యూటర్ జాబితాలో పెడతారు, దేశంలో ఉన్న కోచ్‌లందరూ చూస్తారు. రెండో ఏడు పూర్తయ్యేసరికి మా పిల్లల్ని పెద్దవాళ్ళు పట్టుకుపోతారు. మూడో ఏడు అనేది మాకు లేకుండా పోయింది.

కుర్రవాళ్ళు కదలకూడదని నేననను. కోచ్‌లు ఎప్పుడూ ఎక్కువ జీతానికి వెళ్తూనే ఉన్నారు, అప్పుడెవరూ నీతులు చెప్పలేదు. నా కోపం వేరు. పెద్దవాళ్ళు ఆడించుకోవడానికే తీసుకుపోతే బాధే గాని తప్పనలేను. అక్కర ఉన్నా లేకపోయినా పోగేసుకోవడం ఏమిటి?

మా కిక్కర్ తెలుగు పిల్లవాడు. తల్లిదండ్రులు పక్క రాష్ట్రంలో పార్సిప్పనీలో ఉంటారు, ఇద్దరూ సాఫ్ట్‌వేరే. తండ్రిది వరంగల్ దగ్గర. పిల్లవాడు చిన్నప్పుడు సాకర్ ఆడి, హైస్కూల్లో ఎవరో నీ కాలు బాగుందంటే ఇటు తిరిగాడు. మా కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకుంది. ఊళ్ళో తెలుగువాళ్ళం నేనూ మా ఆవిడా ఇద్దరమే కాబట్టి మొదటి వారమే మా ఇంటికి వచ్చాడు. నన్ను తాతా అని, మా ఆవిణ్ణి అమ్మమ్మా అని పిలిచేవాడు. మాటకి ముందు నవ్వే పిల్లవాడు.

ఆటకి ముందు స్టేడియం పార్కింగ్‌లో కార్ల వెనక తలుపులు ఎత్తి వండుకు తినడం ఇక్కడి ఆచారం. మా ఆవిడ చిన్న స్టవ్ పెట్టి మిరపకాయ బజ్జీలు వేసేది. పక్క కార్లవాళ్ళు మాంసం కాల్చుకుంటూ ముక్కులు ఎగబీల్చేవాళ్ళు, ఒకటి తిని నీళ్ళకోసం పరిగెత్తేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు. పిల్లవాడి తల్లిదండ్రులు మూడు గంటలు డ్రైవ్ చేసుకుని ప్రతి ఆటకీ వచ్చేవాళ్ళు. కొడుకు తన్నబోతుంటే తల్లి కళ్ళు మూసుకునేది. పడిందో లేదో నేను చెప్పాలి.

రెండో ఏడాది చివరి ఆట రోజున తండ్రి బజ్జీ ఊదుకుంటూ మొదలుపెట్టాడు.

"అంకుల్, మనోడి వాల్యూ ఇప్పుడు పీక్‌ల ఉంది. పోర్టల్‌ల పేరు పెట్టి ఒకసారి చూద్దామనుకుంటున్నం."

"చూడటం ఏమిటయ్యా? అందులో పేరు పెట్టడమంటే వెళ్ళిపోతున్నాననే."

"గట్లెందుకుంటది అంకుల్? నేను జాబ్ చేసుకుంటనే రెజ్యూమె పెట్టిన. మూడుసార్లు హెచ్‌వన్ వీసా ట్రాన్స్‌ఫర్ చేయించుకున్న. ఆఫర్ చేతికొచ్చినంకనే రిజైన్ చేసుడు. నచ్చకపోతే ఉన్నకాడనే ఉంటం. మా మేనేజర్‌కు ఇప్పటిదాంక తెల్వదు."

తల్లి అందుకుంది. "నువ్వు ఇంటర్వ్యూ కాల్ బాత్రూంల కూసొని మాట్లాడినవ్. వీడు పేరు పెడితే దేశమంత చూస్తది. బాత్రూంల దాస్తవా వీణ్ణి?"

పక్కనున్న మా ఆవిడ నవ్వు ఆపుకోలేక బజ్జీ నూనెలో జారవిడిచింది. తండ్రి కూడా నవ్వాడు గాని మాట వదల్లేదు.

"వాడి కెరీర్ సంగతి ఇది. నువ్వు చెప్పరా, పెద్ద స్టేడియంల ఆడాలని లేదా?"

పిల్లవాడు యూనిఫాం వేసుకోవడానికి లోపలికి వెళ్ళబోతూ ఆగాడు. "ఉంది డాడ్. బట్ కోచ్‌కి ఏం చెప్పాలి?"

"జస్ట్ చూసుడే అని చెప్పు."

ఆ తండ్రిని తిట్టుకోవడం నాకు ఎంతసేపు! కాని అతను అబద్ధం ఆడలేదు, ఆశపడ్డాడు, అంతే. ఈ దేశంలో అతను నిలదొక్కుకున్నదే ఆ పద్ధతిలో. చేతిలో ఉన్నది వదలకుండా ఇంకోదానికోసం చూడటం అతనికి తెలిసిన జాగ్రత్త. తనకు పనికొచ్చిన జాగ్రత్తనే కొడుక్కి ఇచ్చాడు. పోర్టల్‌లో పేరు పడితే పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చనీ, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయవచ్చనీ అతనికి తట్టలేదు. నేను చెప్పాను. "అంకుల్, మీరు ఓల్డ్ రూల్స్ చెప్తున్నరు" అన్నాడు. రూల్సు నాకన్నా ఎక్కువ చదివినవాడు ఆ పార్కింగ్‌లో లేడు. అయినా ఆట మొదలవుతోందని ఊరుకున్నాను.

డిసెంబర్లో పేరు పెట్టారు. పెద్ద యూనివర్సిటీ నుంచి మొదటి రోజే ఫోన్ వచ్చింది. స్కాలర్‌షిప్ ఇప్పుడు లేదు, వచ్చి పోటీపడు, గెలిస్తే చూద్దాం అన్నారు. అక్కడ అప్పటికే నలుగురు కిక్కర్లున్నారు. పిల్లవాడు అది విని వెనక్కి తగ్గాడు. మరుసటి వారం మా కోచ్ గదికి వెళ్ళేసరికి ఆటగాళ్ళ గదిలో పిల్లవాడి అల్మరా మీద పేరు తీసేశారు. వేరొకణ్ణి తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ పప్పు, అన్నం పెడితే తిన్నాడు. పళ్ళెం తనే కడిగి పెట్టి వెళ్ళాడు. జనవరిలో ఫీజు తండ్రే కట్టి అతణ్ణి పెద్దచోట చేర్చాడు.

తరవాతి ఆకురాలు కాలంలో మా జట్టు ఆ పెద్ద యూనివర్సిటీకి వెళ్ళి ఆడింది. ఇలాంటి ఆటలు చిన్నవాళ్ళకి గెలవడానికి కాదు, వచ్చి ఓడిపోయినందుకు వాళ్ళు డబ్బిస్తారు, దాంతో మావాళ్ళు ఏడాది గడుపుకుంటారు. నేనూ మా ఆవిడా డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. మా ఊరు మొత్తాన్ని తెచ్చి కూర్చోబెట్టినా ఆ స్టేడియంలో ఒక మూలకి సరిపోదు. మా జట్టులో సగానికి పైగా మొహాలు నాకు తెలియవు. తెలిసిన మొహాలు అటువైపున్నాయి. మా దగ్గర రెండేళ్ళు పెరిగిన ఒక భారీ కుర్రవాడు వాళ్ళ రంగు చొక్కా వేసుకుని మా కొత్త కుర్రవాణ్ణి నేలకి కొట్టాడు. మా కుర్రవాడు లేవడానికి చాలాసేపు పట్టింది. కొట్టినవాడే చెయ్యి ఇచ్చి లేపాడు. నేను ఎవరికోసం చప్పట్లు కొట్టాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మూడోవంతు ఆట అయ్యేసరికే అది ఆటగా మిగల్లేదు. వాళ్ళు అసలు ఆటగాళ్ళని కూర్చోబెట్టి వెనక వరసల వాళ్ళని దింపారు, ఆ తరవాత వాళ్ళ వెనక వాళ్ళని. అయినా పాయింట్లు ఆగలేదు. ప్రతిసారీ ఒక చిన్న కిక్ ఉంటుంది, దగ్గరనుంచి తన్నేది, మా పిల్లవాడు కళ్ళు మూసుకుని కొట్టగలిగేది. అటు పక్క గీత దగ్గర అతను కనబడ్డాడు, పొడుగు జాకెట్‌లో.

"ఏమండీ, జాకెట్ విప్పేశాడు! టోపీ పెట్టుకుంటున్నాడు!" మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

హెల్మెట్ పెట్టుకున్నాడు, నిజమే. రెండడుగులు ముందుకి వేశాడు. కోచ్ ఎవరో అటు తిరగకుండానే చెయ్యి అడ్డంపెట్టి ఇంకొకణ్ణి పంపాడు. మా పిల్లవాడు హెల్మెట్ తీయకుండా అలాగే ఉండిపోయాడు. ఆ తన్నినవాణ్ణి నేను చూళ్ళేదు. అరుపు విన్నాను. పడింది.

ఆట అయ్యాక కంచె దగ్గరికి వచ్చాడు. మా ఆవిడ చెయ్యి కంచెలోంచి దూర్చి అతని గడ్డం పట్టుకుంది.

"తింటున్నావా?"

"ఫుడ్ చాలా ఉంటుంది అమ్మమ్మా. టూ మచ్."

"ఆడించరేం రా?" అన్నాను. ఇంకోలా అడగడం నాకు రాదు.

"ఒకడు లాంగ్ కిక్స్, ఒకడు షార్ట్ కిక్స్, ఒకడు ఆట మొదలుపెట్టే కిక్కాఫ్. నేను ఎవరికైనా ఇంజురీ అయితే. ఇట్స్ ఓకే తాతా, ప్రాక్టీస్‌లో బాగానే కొడుతున్నా." కాసేపు గడ్డికేసి చూశాడు. "కోచ్ నన్ను మళ్ళీ తీసుకుంటాడా? మన కోచ్. నాకు అడగటానికి షేమ్‌గా ఉంది. నువ్ అడుగుతావా?"

మన కోచ్ అన్నాడు. వచ్చే దారంతా మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

తండ్రికి ఫోన్ చేశాను. పిల్లవాడు తిరిగి వస్తానంటున్నాడని చెప్పాను.

"అంకుల్, ఆడకపోయినా అది పెద్ద పేరున్న స్కూల్ కద. రెజ్యూమెల పడుతది."

"కిక్కర్ రెజ్యూమెలో ఒకటే రాస్తారయ్యా. ఎన్ని తన్నాడు, ఎన్ని లోపల పడ్డాయి. నీ వాడికి ఈ ఏడాది రాయడానికేం లేదు. ఇంకో ఏడాది ఇలాగే పోతే వాణ్ణి ఎవడూ పిలవడు."

"నేను మంచికే చెప్పిన అంకుల్" అన్నాడు.

"తెలుసు. ఫోన్ పెట్టేయ్, నేను కోచ్‌కి రాస్తాను."

మా కోచ్‌ని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చూశానో! నా స్టేషన్‌లో కాఫీ తాగినవాడే. అయినా ఎదురుపడి అడిగితే మొహమాటంతో ఏదో ఒకటి అంటాడని ఉత్తరం రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే రాశాను, ఎవరి చేతా దిద్దించలేదు. పోర్టల్ సంగతి తండ్రి పొరపాటనీ, పిల్లవాడిది కాదనీ రాశాను. మూడో ఏడు అనేది మాకు లేకుండా చేసిన వాళ్ళని నాలుగు మాటలన్నాను, అవి కోచ్‌కి కావని కూడా రాశాను. స్కాలర్‌షిప్ లేకపోయినా ఫరవాలేదు, తన్నడానికి చోటివ్వమన్నాను. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను. శనివారాలు గడిచాయి, సీజన్ అయిపోయింది. మళ్ళీ పోర్టల్ తెరిచారు, మళ్ళీ మావాళ్ళు వెళ్తున్నారని పేపర్లో వచ్చింది. పిల్లవాడు వారానికోసారి ఫోన్ చేసి వాతావరణం గురించి అడిగేవాడు. అసలు సంగతి అడిగేవాడు కాదు. మా ఆవిడ, "నువ్వు గట్టిగా తన్నుతూ ఉండు నాన్నా" అని పెట్టేసేది.

మూడో ఉత్తరం నేనే తీసుకెళ్ళి కోచ్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. దానికి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు తోచిన తెలుగులో పెడుతున్నాను.

"సార్, ఆలస్యానికి క్షమించండి. మీ మూడు ఉత్తరాలూ చదివాను. జవాబు మీకు నచ్చదని తెలిసి వాయిదా వేశాను. పేరు పెట్టేముందు మీ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు, ఊరికే చూడటానికే అన్నాడు. పేరు పడిన రోజునుంచి నేను ఇంకొకణ్ణి వెతుక్కోవాలి అని చెప్పాను. అయినా శుక్రవారం దాకా ఆగాను. అంతకన్నా ఆగితే నాకు మిగిలేది అందరూ కాదనుకున్న కుర్రాళ్ళు. ఇప్పుడు నా దగ్గరున్న కిక్కర్ మీ అబ్బాయి వెళ్ళిన చోటునుంచే వచ్చాడు, అక్కడ వాళ్ళకి అతను ఎక్కువయ్యాడు. మంచివాడు, బాగా తంతున్నాడు. మీ అబ్బాయికోసం ఇతణ్ణి పంపలేను, ఇతనికీ నాకు ఫోన్ చేసే తల్లి ఉంది. బాగా తంతున్నాడు కాబట్టి వచ్చే శీతాకాలానికి ఇతణ్ణీ ఎవరో తీసుకుపోతారు. అప్పుడు చోటు ఖాళీ అయితే మొదటి ఫోన్ మీ అబ్బాయికే చేస్తాను. ఆటలో ఒక్క కిక్ కూడా లేకుండా రెండేళ్ళు నిలబడినవాడి కాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. అప్పటికి అతను ఇంకా తంతూనే ఉంటాడా?"