జువైనా తాగిన సగం గ్లాసు

జువైనాకు నోరు మూసుకోవడం చేతకాదు. బండి నడుపుతూ మాట్లాడుతుంది, బండి ఆపాక కూడా మాట్లాడుతుంది. గర్భిణుల్లో చక్కెర జబ్బు మీద పరిశోధన చేసే మా బృందంలో ఆమె డ్రైవరు, నేను రక్తం తీసే నర్సుని. మస్కట్ నుంచి వచ్చిన డాక్టరు లమియా మొదటిరోజు ఆమెను చూసి, "ఈవిడ గోలకి కడుపుతో ఉన్నవాళ్లు జడుసుకుంటారేమో" అంది. జరిగింది వేరు. జువైనా హారన్ కొట్టకపోతే మా కొండ పల్లెల్లో ఒక్క ఆడమనిషి కూడా మా కోసం గడప దాటేది కాదు.

భర్త పోయాక చాలా ఏళ్లు ఆమె బడి బస్సు నడిపింది. ఆ బస్సెక్కిన ఆడపిల్లలే ఇప్పుడు కడుపులతో మా వ్యాన్ ఎక్కుతున్నారు. "అప్పుడు రోజుకో పుస్తకం మర్చిపోయేదానివి. ఇప్పుడు మొగుణ్ణెక్కడ మర్చిపోయొచ్చావే?" అని ఎవరినో ఒకరిని ఆటపట్టించేది. వ్యానంతా నవ్వులు. ఆమెకు సొంత పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు బస్సు నిండా ఉన్నారమ్మా, ఇంకెక్కడ కూర్చోబెట్టను?" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ తర్వాత కాసేపు పనిలేకపోయినా అద్దం సర్దుకుంటూ ఉండేది.

తల్లి ఏం తింటోంది, ఆమె ఒంట్లో చక్కెర ఎలా ఉంది, దాన్నిబట్టి బిడ్డ ఎలా పుడుతోంది, ఎలా పెరుగుతోంది అని రెండేళ్లపాటు చూడటం మా పని. దానికి ముందు ఒక పరీక్ష ఉంటుంది. పరగడుపున వచ్చి, గ్లాసెడు చక్కెర నీళ్లు తాగి, రెండు గంటలు కదలకుండా కూర్చుంటే రక్తం తీస్తాను. ఆ నీళ్లు తాగడం ఎంత కష్టమో తాగినవాళ్లకే తెలుసు. అంతకు మించి ఇందులో తప్పు జరగడానికేముంది అనుకున్నాం.

రయ్యా ఆరో నెలలో వచ్చింది. జువైనా బస్సులో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. అంతకుముందు కాన్పులో ఆమెకు మగబిడ్డ. ఎంత పెద్ద బిడ్డంటే చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. భుజాలు ఇరుక్కుని, పుడుతూనే పోయాడు. తల్లికి చక్కెర ఎక్కువైతే బిడ్డ అలా పెరిగిపోతుంది, అందుకే ఈమెకు చక్కెర ఉండి తీరాలని లమియా అనుమానం. తీరా చూస్తే ఫలితం సవ్యంగా వచ్చింది.

"పోన్లే, మంచి మాటే. రయ్యాకి ఏ మందూ అక్కర్లేదు" అంది లమియా ఆ సాయంత్రం.

తాళాలివ్వడానికి వచ్చిన జువైనా గుమ్మంలోనే ఆగిపోయింది. "అదెలా బాగుంటుంది డాక్టరమ్మా? సగం నేనే తాగేశాను కదా!"

"ఏం తాగావు?"

"ఆ తీపి నీళ్లు. పాపం పిల్లకి వాంతి వచ్చేలా ఉంది, 'పిన్నీ, కాస్త పుచ్చుకో' అంది. పుచ్చుకున్నాను. అప్పటికే తక్కినవాళ్లు దాని గ్లాసులో తలా ఓ గుక్క తాగారు. వాళ్ల గ్లాసుల్లోంచి, పెద్దవాళ్లు తాగాక, ఇదీ కాస్త పెదాలు తడుపుకుంది. ఒక్కతే ఎలా తాగుతుందమ్మా, పదిమందిలో?"

లమియా నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. చేతికి అందిన దాన్ని పక్కవాళ్లకు ఇవ్వజూపకుండా నోట పెట్టుకునే ఆడది మా ఊళ్లో లేదు. పెద్దామెకు ముందు అందించాలి. అందించాక ఆమె ఒక్క గుక్కైనా తాగాలి, లేకపోతే ఇచ్చినామెకు అవమానం. మేమేమో గ్లాసులిచ్చి, తోడుగా జువైనాను వదిలి, సిగ్గుపడతారని తెర లాగేసి ఇవతలికి వచ్చేవాళ్లం.

"ఇన్నాళ్ల పరీక్షలూ బూడిదలో పోసిన పన్నీరు!" లమియా అరిచింది. "నీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఊడితే ఊడనీండి. ముందా పిల్ల సంగతి చూడండి" అంది జువైనా. తాళాలు నా చేతిలో పెట్టేసింది.

పరీక్ష మళ్లీ చేయాలని కబురు పెడితే, అందరూ నవ్వుకుంటూ, మమ్మల్ని తిట్టుకుంటూ మళ్లీ వచ్చారు. రయ్యా మాత్రం రాలేదు. ఆమె భర్త సైన్యంలో ఉంటాడు, ఇంట్లో మాట చెల్లేది అత్త నస్రాది. "బాగుందన్నారు, అయిపోయింది. మళ్లీ సూదులెందుకు?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక జువైనా నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. నస్రా చాప పరిచింది, ఖర్జూరాలు పెట్టింది, కాఫీ పోసింది. జువైనా కప్పు అందుకుని, తాగకుండా తన ముందు నేలమీద పెట్టేసింది.

ఆ పని తెగ పెద్దలు చేస్తారు, పిల్లనడగడానికో పగ మాన్పి రాజీ కుదర్చడానికో వచ్చినప్పుడు. అడిగింది ఇస్తామని చెప్పేదాకా కప్పు ఎత్తరు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపులు. డ్రైవరు పని చేసుకునే ఆడది అలా పెట్టడం మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

"ఏమే, షేకుననుకుంటున్నావా?" అంది నస్రా.

"షేకునెక్కడ పెద్దమ్మా, స్టీరింగ్ తిప్పుకునేదాన్ని. నీ కోడల్ని నాకు ఒక్క పూటకివ్వు."

"ఇవ్వను. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"చల్లారనీ."

లోపలి గదిలో రయ్యా నీడ కదిలింది గానీ బయటకు రాలేదు. నస్రా కాసేపు వీధి తలుపు వంక చూసింది, పక్కింటివాళ్లు ఎవరైనా వస్తే పరువు పోతుందని. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"చక్కెరుందని తేలిందనుకో. అప్పుడు?"

"మందిస్తారు."

"నేనడిగేది అది కాదే. ఆ పోయినవాడు కడుపులో ఉండగా దీనికి రోజూ ఖర్జూరం, తేనె, నెయ్యి కలిపి నా చేత్తో ముద్దలు పెట్టాను. వద్దంటున్నా పెట్టాను, బిడ్డ బలంగా పుట్టాలని. ఇప్పుడు చక్కెరని తేలితే, వాణ్ణి నేనే..."

"తిండి ఒక్కటే కారణం కాదు పెద్దమ్మా, జబ్బు ఒంట్లోనే ఉంటుంది" అన్నాను నేను. ఆమె చెవికెక్కలేదు.

జువైనా నెమ్మదిగా అంది, "నేను దాని గ్లాసు తాగింది కూడా ప్రేమ కొద్దీనే పెద్దమ్మా. తెలియక చేశాం, నువ్వూ నేనూ. తెలిశాక ఊరుకున్నామనుకో, దానికి మాత్రం ఆ దేవుడి దగ్గర జవాబుండదు."

నస్రా శాలువా కొంగుతో కళ్లు తుడుచుకుంది. చల్లారిన కాఫీ పారబోసి వేడిది పోసింది. "తాగు, మహాతల్లీ. రేపు నేనూ వస్తాను."

వచ్చింది. రయ్యా పక్కన కాపలా కూర్చుని, "ఎవరైనా చెయ్యి చాపారో, విరిచేస్తాను!" అంటూ కోడలి చేత ఆఖరి చుక్క దాకా తాగించింది. చక్కెర బాగా ఎక్కువ ఉంది. అప్పట్నుంచి ఇన్సులిన్ మొదలైంది. నస్రా పెట్టే ముద్దలు మారాయి. జువైనాను పంపించే ఊసు లమియా మళ్లీ ఎత్తలేదు, పైగా తెర కూడా పీకేయించింది.

నెలలు నిండాక రయ్యాకు ఆడపిల్ల పుట్టింది, సులువుగానే. మేమిద్దరం వెళ్లేసరికి నస్రా చేతుల్లో పొత్తిగుడ్డల మూట కెవ్వుమంటోంది. అందరు పిల్లల్లాంటి మామూలు పిల్ల. నస్రా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఇంతేనా?" అంది.

బరువు చాల్లేదని బాధపడుతోందనుకుని, "సరిగ్గా ఉంది పెద్దమ్మా, ఆరోగ్యమైన బరువే" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. పిల్లను జువైనా ఒళ్లో పెట్టి, అక్కడే గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. "ఇంతే చాలు కదే" అంది ఏడుస్తూ. "వాడూ ఇంతే ఉంటే సరిపోయేది కదే."