అవతలి గట్టున కొంగలు

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నాకు పిట్టల ఫొటోల పిచ్చి. ఇంట్లోవాళ్ల ఫొటోలకు చిన్న లెన్స్ చాలని నా భార్య ఎంత చెప్పినా వినకుండా, దూరంలో వాలిన పిట్టను దగ్గరగా చూపించే పొడుగాటి లెన్సే కొన్నాను. మొన్న ఆదివారం ఇద్దరం చెరువుకు వెళ్లాం.

"అగో, అవతలి గట్టుకు ఎన్ని కొంగలో సూడు!" అందామె.

ఎగిరిపోతాయేమోనని, మాట్లాడొద్దని సైగ చేసి లెన్స్ అటు తిప్పాను. ఒక్క కొంగ కూడా లేదు. అంతా తెల్లటి నురగ.

ఇంతలో గాలి మా వైపు తిరిగింది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది నేను రోజు పిండే నీ డ్యూటీ డ్రెస్సు వాసనే గదా!"

నేను మళ్లీ కెమెరాకు కన్ను ఆనించాను. లెన్స్ మాత్రం మంచిదే, ప్రతి బుడగా స్పష్టంగా కనిపించింది. తెల్లారి అదే డ్రెస్సు వేసుకుని డ్యూటీకి వెళ్లాను.