పక్క మిషన్‌వాళ్ల మాట

కొత్త జీన్స్ గుడ్డ చుట్ట విప్పగానే ఒక ఘాటు వాసన వస్తుంది. గంజి, నీలిరంగు కలిసిన వాసన. బుక్కరాయసముద్రంలోని నా కుట్టు యూనిట్‌లో పొద్దున్నే అది ముక్కుకు తగిలితే చాలు, రాయదుర్గం గుర్తొస్తుంది, దాని వెనకాలే రత్నక్క గుర్తొస్తుంది. అక్కడ నాకు మొదట పని ఇచ్చిన యజమానురాలు ఆమె. వాన మొహం చాటేసి మా చేను ఎండిపోయిన ఏడాది కుట్టుపని కోసం ఆమె గడప తొక్కాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం మిషన్లన్నీ తిరుగుతున్నా వినపడేది.

అప్పట్లో అక్క ఇంటి వసారాలో నాలుగు మిషన్లు ఉండేవి. బళ్లారి వ్యాపారి ఒకాయన పెద్ద ఆర్డరు ఇవ్వడంతో షెడ్డు వేసి, వరుసగా కొత్త మిషన్లు దించింది. మాకందరికీ ఒకటే సంబరం. అక్క మాత్రం, "మిషన్లు కొంటే అయిపోతాదేమే? ఇల్లు అలకంగానే పండగ కాదు. మనుషులు కుదరల్ల," అంది. షెడ్డులో ఒక ప్యాంటును ఒక్కరే కుట్టరు. ఒకరు జేబులు వేస్తే, పక్కవారు పక్క కుట్లు వేస్తారు, ఆ పక్కవారు నడుంపట్టీ వేస్తారు. అందుకని అక్క ఒక పద్ధతి పెట్టింది. కొత్తవాళ్లను వారం పాటు వరుసలో ఖాళీగా ఉన్న మిషన్ మీద పనికి కూర్చోబెట్టేది. ఉంచుకోవాలా వద్దా అన్నది తను తేల్చేది కాదు, అటూ ఇటూ కూర్చున్నవాళ్లను అడిగేది. చేతి వేగం ఎవరికైనా కనపడుతుంది, తప్పు కుట్టి దాచేవాడు మాత్రం పక్కవాళ్లకే దొరుకుతాడని ఆమె నమ్మకం.

ఆ పద్ధతి ఒకసారి నా మెడకే చుట్టుకుంది. అక్క సొంత తమ్ముడు శీనప్ప పనికొచ్చి నా పక్క మిషన్ మీద కూర్చున్నాడు. మాటకారి, చెయ్యి కూడా చురుకే. కానీ కుట్టు వంకరపోతే చెప్పడు, మంచి ప్యాంట్ల అడుగున దూర్చి నా వైపు తోసేస్తాడు. వారం కాగానే అక్క నన్ను పిలిచింది. పక్కనే వాళ్లమ్మ కూడా కూర్చుని ఉంది. ఉన్నది చెబితే నా పని పోతుందేమో, పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

"నా మొగం చూసి చెప్పొద్దు సుజాతా. నీ చేతికొచ్చే ప్యాంటు చూసి చెప్పు," అంది అక్క.

"వద్దక్కా. తప్పు దాచిపెడతాండాడు," అన్నాను.

వాళ్లమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అక్క తమ్ముణ్ణి పిలిచి, "శీనా, ఆకలైతే ఇంటికి రా, అన్నం పెడతా. ఈడ మాత్రం నీకు మిషన్ లేదప్పా," అని పంపేసింది. తల్లి చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ ఆర్డరులో ఒక్క ప్యాంటు కూడా వెనక్కి రాలేదు.

అక్క ఇప్పుడు లేదు. నా యూనిట్‌కు పని పెరిగింది, ఇంకో వరుస మిషన్లు వేద్దామా వద్దా అని కొన్నాళ్లుగా తటపటాయిస్తున్నాను. ఆ కొత్త వరుసను నా కొడుకు చేతిలో పెట్టాలని ఆశ. ముందు వాడిని కూడా వారం ఖాళీ మిషన్ మీద కూర్చోబెట్టాను. నిన్న వాడి పక్క మిషన్ మీద కుట్టే మాబున్నీని పిలిచి అడిగాను. ఆమె కొంగు నలుపుతూ నిలబడింది.

"నా మొగం చూసి చెప్పొద్దు. నీ చేతికొచ్చే ప్యాంటు చూసి చెప్పు," అన్నాను.

ఆమె తలెత్తింది. "ఇప్పుడే వద్దక్కా. ఇంకా నేర్చుకోవల్ల."

నా కొడుకు ఇంకా పనికిరాడని నా మొహం మీదే చెప్పగల మనిషి నా షెడ్డులో ఉంది, అక్క అన్నట్టు మనుషులు కుదిరారు. ఆ పూటే కొత్త వరుసకు మిషన్లు పంపమని ఫోన్ చేశాను.