ఇంకొంచెం పెంచు

ఆ సాయంత్రం స్టూడియోలో పలికిన చివరి మాట అక్క చెవిన పడిందా? ఆమె దగ్గర పని నేర్చుకుంటూ అక్కడే ఉన్న నేను ఇప్పటికీ చెప్పలేను. విడుదలకు ముందు పాటలకు చివరి మెరుగు పెట్టే ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. పాట సరిగ్గా మోగుతోందో లేదో తేల్చుకోవడానికి ఆమె శబ్దం బాగా తగ్గించి, తలుపు ఓరగా తీసి, వరండాలో నిలబడి వినేది. అక్కడికీ మాట స్పష్టంగా అందితే లోపలికొచ్చి కళ్లజోడు తీసి తుడుచుకునేది. అలా తుడుచుకుందంటే పని పూర్తయినట్టే.

ఆ రోజు నిర్మాత చెల్లెలి మొదటి పాట కాసేపట్లో విడుదల కావాలి. "పక్కవాళ్ల పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. మనది గొణుగుతోంది. ఇంకొంచెం పెంచక్కా," అన్నాడతను. ఆమె వెంటనే శబ్దం పెంచే నాబ్ ముట్టుకోలేదు. అడుగున ఎవరికీ వినబడని మోతను తీసేసింది, గొంతుకు అడ్డొస్తున్న గిటారును తగ్గించింది. అలా దొరికిన చోటులో పాటను పెంచింది. "ఇంతకు మించితే నలిగిపోతుంది బాబూ."

"నలిగితే నలగనీ. నీకు చేతకాకపోతే చేసేవాళ్లు లేకపోలేదు," అంటూ అతను వంగి తనే నాబ్ తిప్పేశాడు. శబ్దం చూపే మీటరు ముల్లు ఎర్రగీతకు అతుక్కుపోయింది. డ్రమ్ము దెబ్బ చప్పబడింది. అక్క కళ్లజోడు తీసింది కాని తుడుచుకోలేదు. వెనక సోఫాలోంచి చెల్లెలు, "అన్నయ్యా, నా ఊపిరి కూడా పాటంత గట్టిగా వినిపిస్తోందేంటి? మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి పాడినట్టుంది," అంది. అతను మరోసారి విన్నాడు. మెడ రుద్దుకుని, నాబ్‌ను మెల్లగా వెనక్కి తిప్పసాగాడు. అందరి కళ్లూ ఆ చేతిమీదే. అక్క వదిలిన చోటికి తెచ్చి, "సరే అక్కా, నీదే పంపుదాం," అంటూ పక్కకు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. శబ్దం బయటికి పోకుండా బిగించిన ఆ మందపాటి తలుపు, మూసుకున్నా చప్పుడు చేయదు.