శాంతి టీచరు పేరు మీద వ్యాపారం

ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పకుండా మోశాను. పనిలో పడితే మరిచిపోతానేమో అనుకున్నాను. మరిచిపోలేదు. తణుకులో పన్నుల రిటర్నులు వేసి పెట్టడం నా వృత్తి. ఊళ్లో నమ్మకస్తుడినని పేరుంది. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో మీకూ చెప్పాలి.

శాంతి టీచరు మా అమ్మాయికి ట్యూషన్ చెప్పేవారు. చిన్న ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. భర్త పోయాక వితంతు పింఛనూ, బియ్యం కార్డూ ఆ ఇంటికి ఆసరా. కూతురు కెజియా అప్పుడే నర్సింగులో చేరింది. ఒకరోజు టీచరు తన పాన్‌కు ఆధార్ జత చేయించమని వచ్చారు. చేసి పెట్టాను. ఆ కాపీలు నా కంప్యూటర్లో ఉండిపోయాయి.

అప్పట్లో నా క్లయింట్లలో పెద్దవాడు ఒక పాత ఇనుము వ్యాపారి. సరుకు కొనకుండానే కొన్నట్టు బిల్లులు చూపించి పన్ను తగ్గించుకోవాలని అతని ఎత్తు. ఆ బిల్లులు ఇవ్వడానికి ఒక ఉత్తుత్తి సంస్థ కావాలి. దానికి ఎవరిదో ఒక పేరు కావాలి. కాదంటే అతనూ, అతను పంపిన క్లయింట్లూ వేరే ఆఫీసు చూసుకుంటారు. భయపడి చేశానా? ఆశపడి చేశానా? రెండూ అని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను గానీ, ఆ పూట నేను పెద్దగా ఆలోచించనే లేదు. ఇన్నేళ్లుగా నన్ను తొలిచేది చేసిన పనికన్నా ఆ ఆలోచించకపోవడమే.

టీచరుకు ఫోన్ చేశాను. పాన్ పని కొంచెం మిగిలిందని, ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పమని అడిగాను. పిల్లలకు డిక్టేషన్ ఇచ్చినట్టు ఒక్కో అంకె విడదీసి చెప్పారు. ఆమె పేరు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ వచ్చేసింది. ఆమె రెండు గదుల అద్దె ఇల్లు కాగితాల్లో ఇనుము గోడౌను అయింది.

ఏ మనిషీ పట్టుకోలేదు. లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చుకున్నాయి, అంతే. పింఛన్ల వివరాలను జీఎస్టీ వివరాలతో సరిచూసినప్పుడు, పెద్ద వ్యాపారం ఉన్న మనిషిగా టీచరు పేరు తేలింది. పింఛను ఆగింది. బియ్యం కార్డు పోయింది. ఆమె నా దగ్గరికే వచ్చారు. ఇంకెవరి దగ్గరికి వెళ్తారు?

"మా వార్డు సచివాలయంలో నాకు ఇనుము వ్యాపారం ఉందంటున్నారండి. ఇదేంటండీ?"

"కంప్యూటరు తప్పు టీచరుగారూ. ఎవరి పేరో మీ పేరుతో కలిసిపోయుంటుంది."

"మరి ఎవరికి చెప్పుకోమంటారండీ?"

"నేను చూసుకుంటానుగా. మీరు కంగారుపడకండి."

"మీరున్నారు గనక సరిపోయిందండి. లేకపోతే నాకేం తెలుసు?"

కంప్యూటరు తప్పు చెయ్యలేదు. నేను ఎక్కించిన అబద్ధాన్ని అది నిజమని నమ్మింది, టీచరు నన్ను నమ్మినట్టే.

కొన్నాళ్లకు పన్నుల అధికారులు ఆమె ఇంటికి వచ్చారు. ఇనుము తోలినట్టు రాసిన లారీ నంబరును వాళ్లు సరిచూస్తే, అది ఎవరిదో మోటారు సైకిలు నంబరట. ఇల్లు చూడగానే వాళ్లకు సంగతి అర్థమైంది. టీచరు వాళ్లకు నా ఆఫీసు చూపించారు. ఆమె కాగితాలను ఎవరో దుర్వినియోగం చేశారని జవాబు నేనే తయారు చేశాను. చెప్పిన చోట ఆమె సంతకం పెట్టారు. ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆ 'ఎవరో' ఎవరన్నది తేలలేదు.

కానీ కార్డు లేక కెజియాకు ఫీజు సాయం ఆగిపోయింది. నర్సింగు మానేసి బట్టల షాపులో చేరింది. చాలా తిరిగాక కార్డు తిరిగొచ్చింది. చదువు రాలేదు. ఒకసారి ఆ షాపుకు వెళితే, "అంకుల్, ఆంటీగారికి ఇది బాగుంటుంది" అంటూ నా ముందు చీరలు పరిచింది. ఒకటి కొనుక్కుని వచ్చేశాను. నోరు విప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? విప్పలేదు.

ఇప్పుడు ఎవరి రిటర్ను ఏ కంప్యూటరు నుంచి వెళ్లిందో కూడా అధికారులు చూస్తారని మా వృత్తివాళ్లు భయంగా చెప్పుకుంటున్నారు. అందుకే చెబుతున్నానా? కొంత అందుకే కావచ్చు. నన్ను నేను మంచివాడిగా చూపించుకోను. కానీ ఈ సంగతి టీచరుకు ఏ నోటీసు వల్లో తెలియకూడదు. నా నోటితోనే తెలియాలి. అంతవరకు గట్టిగా నిశ్చయించుకున్నాను.

పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చెప్పాను.  టీచరు వంటగది వైపు తిరిగి పిలిచారు.

"కెజియా, ఇలా రామ్మా." నా వైపు చూడకుండానే అన్నారు: "దానిక్కూడా చెప్పండి. మొదట్నుంచీ."

చెప్పాను. ఓటీపీ అడిగింది నేనేనని, తప్పు కంప్యూటరు మీద నెట్టింది నేనేనని. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువూ వాళ్ల మీదే పెట్టినట్టవుతుంది. కెజియా గుమ్మంలో నిలబడే విన్నది. విని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పన్నుల ఆఫీసుకు వెళ్లాను. అధికారి అంతా విని, "కూర్చుని రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. ఈ వృత్తి ఉంటుందో పోతుందో తెలియదు. టీచరు మళ్లీ నాతో మాట్లాడతారని ఆశ లేదు.