గోలీకి కుట్టిన అంగి

మొన్న ఐతారం ఏం జరిగిందో మీరు ఇనే ఉంటరు. కని కిష్టయ్య నోట ఇని ఉంటరు, అందుకే అండ్ల సగం అబద్ధం. ఉన్నదున్నట్టు నేను చెప్తాన. నేను కుట్టిన అంగిని, నా ఒంటి మీద ఉండంగనే, నా కత్తెరతోనే కోసిండ్రు. పదిమంది ముంగట. కోసిందెవ్వలు? హోటల్ కిష్టయ్య. చెల్లె పెండ్లికి నన్ను పిలిచి, మొదటి బంతిల జాగ లేదని పెద్దమనుషుల ఎనుక నిలవెట్టిన కిష్టయ్య. నేను నిలవడి ఉంటె, ఆయన సడ్డకుడు నా ముంగటనే రెండోసారి పప్పు ఏసుకున్నడు. ఆ పెండ్లి పిల్లకు ఇప్పుడు పిల్లలు గుడ వుట్టిండ్రు. నేను మరువలే.

సరే, సంగతికొస్త. మిల్లు గేటు ముంగట కిష్టయ్య హోటల్, పక్కపొంటి నా కుట్టు దుకానం. మిల్లు ఫుట్‌బాల్ టీముకు అంగిలు కుట్టేది మొదటి సంది నేనే. కొలతలు రాసుకునే అలవాటు నాకు లేదు. మనిషికొక గుడ్డ పట్టి పెడత. ఛాతి ఎంతనో అక్కడ ఒక గాటు, చెయ్యి ఎంతనో అక్కడ ఒక గాటు. పట్టిని మేకుకు తగిలిస్త. చూస్తె సాలు, ఏ పట్టి ఎవ్వలదో చెప్త. నా కుట్టు ఊడిందని ఇప్పటిదాక దుకానానికి తిరిగొచ్చినోడు లేడు.

వానలు ఎనుకవడ్డంక లీగ్ మొదలైతది. దానికి ముందుగాల కిష్టయ్య హోటల్ల పంచాది మొదలైతది. ఈసారి ఎవ్వలు ఏ జాగల ఆడాలె, ఒకడు పడిపోతె వాని జాగల ఎవ్వలు రావాలె, గదే ముచ్చట. పొద్దటి షిఫ్టు ఇడిసినంక మొదలువెడితె చాయ్ మీద చాయ్. బల్ల మీద గ్లాసులు వెట్టి టీము నిలవెడతరు. సమ్మయ్య సెంటర్ ఫార్వర్డ్ ఆడాలెనని కిష్టయ్య. పొడుగున్నడు, తలకాయతోని కొడతడట. సమ్మయ్యకు తలకాయ ఉన్నది నిజమే కని అండ్ల ఏం లేదు, ఐలయ్య ఆడాలె అని నేను. ఐలయ్యకు వయసు మీదవడ్డది, ఉరుకలేడని కిష్టయ్య. బంతి ఎక్కడికొస్తదో తెలిసినోడు ఉరుకుడెందుకని నేను. కిష్టయ్య గ్లాసును ముంగటికి జరుపుతడు, నేను ఎనుకకు జరుపుత. చాయ్ ఒలికింది.

అప్పుడు కెప్టెన్ రాజమౌళి నోరు తెరిచిండు. మిల్లుల ఫిట్టరు, తక్కువ మాట్లాడుతడు. ఫార్వర్డ్‌లు తర్వాత గని మనకు రెండో గోలీ లేడు, యాకయ్యకు జరం వస్తె ఎవ్వలు నిలుస్తరు, ఆ సంగతి చూడుండ్రి అన్నడు.

నాకు నవ్వచ్చింది. బల్ల మీద గ్లాసులు అయిపోయినయ్. గోల్ కాడ నేను అగ్గిపెట్టె పెట్టిన.

"గోలీ అంటె గింతె. గోల్ కాడ నిలవనీకి మనిషెందుకు, ఎవ్వడన్న నిలుస్తడు. అవసరమైతె నేను గుడ నిలుస్త" అన్న.

అందరు నవ్విండ్రు. నవ్వనోడు ఒక్కడే. ఎనుక బెంచి మీద బన్ను చాయ్‌ల ముంచుకొని తింటాండు యాకయ్య. మరిపెడ దిక్కు మనిషి, చేతులు మోకాళ్ల దాక ఉంటయ్, మాట మెత్తగుంటది. వాడు అక్కడున్నది నేను చూడలే. చూస్తె గుడ అనేటోన్నే, అది వేరే సంగతి.

"మామా, నేను అగ్గిపెట్టెనా?" అన్నడు.

అగ్గిపెట్టంత గుడ గాదు తియ్యి బిడ్డా, ఆటకు అడ్డం నిలవడేటోనివి అన్న. వాడు బన్ను సగంల పెట్టి లేచి పోయిండు.

కిష్టయ్యకు సందు దొరికింది. మాట ఆట మీది నుంచి అంగిల మీదికి గుంజిండు. యాకయ్య అంగి చంకల కాడ పట్టేస్తదని మూడేండ్ల సంది మొత్తుకుంటాండు, ఈ బావ ఇనడు, హన్మకొండ చౌరస్త కాడ కొత్త టైలరొచ్చిండు, మెషిన్ల కాజాలు కుడతడు, ఈసారి అంగిలు వాడికిద్దాం అన్నడు. ఆ టైలరు ఆయనకు ఏదో వరసైతడట. నా ఒళ్లు మండింది. అంగిలు అప్పటికే కుట్టి ఇస్త్రీ చేసి పెట్టిన.

"నా అంగిల లోపముంటె టీము అంగిలు నేనే ఇడిసిపెడత. ఐతారం కాజీపేటోళ్లతోని మ్యాచ్ ఉన్నది గదా, అందరు ఏసుకున్నంక చూడుండ్రి" అన్న.

రాజమౌళి సరేనన్నడు. ఇంటికొచ్చి చెప్తె మా ఆమె, నిన్నెవ్వలడిగిండ్రు అన్నది. నన్ను ఎవ్వలడగాలె? మిల్లు టీముకు నా అంగిలు పోతె ఇంక మనిషన్నోడు నా దుకానం మెట్లెక్కుతడా?

ఐతారం పొద్దుగాల మూట నెత్తిన వెట్టుకొని మిల్లు ఎనుక గ్రౌండుకు పోయిన. కాజీపేటోళ్లు వచ్చి ఉన్నరు, తెల్లటి అంగిలు. మనోళ్లకు పచ్చటియి. ఏసుకొని చూపిస్తె ఎవ్వనికి ఎక్కడ ముడుత లేదు. కిష్టయ్య ముఖం చూడాలె. మూటల ఆఖరికి గోలీ అంగి మిగిలింది. ఖాకీ డ్రిల్లు గుడ్డ, మెడ కాడ రెండే గుండీలు, తలకెల్లి ఏసుకోవాలె. ఏసుకునేటోడు లేడు. యాకయ్య రాలే.

జర ఆగుదామన్నరు, ఆగిండ్రు. షిఫ్టుల ఉన్నోళ్లు పోంగ మనోళ్లు పదిమందే ఉన్నరు. అప్పుడు గోల్ ఎనుక సైకిల్ క్యారియర్ మీద యాకయ్య కనవడ్డడు. ఇస్త్రీ బట్టలు, పొట్లంల పల్లికాయ. రాజమౌళి ఉరికి పోయి అడిగిండు. ఎవ్వడన్న నిలుస్తడట గదన్నా, నేనెందుకు అన్నడట, పల్లికాయ ఒలుసుకుంట.

అందరు ఒక్కసారి నా దిక్కు చూసిండ్రు. కిష్టయ్య గొంతు పెద్దగ చేసిండు.

"నర్సయ్య బావ ఉండంగ ఫికరేంది? పదిమంది ముంగట నిలుస్తనన్నడు. బావ మాట తప్పేటోడు గాదు."

చూసిండ్రా తెలివి? నేను కాదంటె మాట తప్పినోన్ని, అవునంటె గిదో ఇట్లయితది. ఇజ్జత్ ముఖ్యం అనుకున్న. ధోతి గోసి పెట్టుకొని తెల్ల బనీను మీద నిలవడ్డ. రెఫరీ ఒప్పుకోలే. కాజీపేటోళ్లది తెల్లదే, గోలీ అంగి ఏసుకుంటెనే విజిల్ అన్నడు.

ఆ అంగి సంగతి మీకు చెప్పాలె. గోలీ నిలవడేటోడే గదా అని చంకల కాడ నేను వదులు ఇడువలే. నిలవడ్డోనికి చంక ఎందుకు తెరుచుకుంటది? వాని పట్టికి ఛాతి గాటున్నది, చేతుల గాటున్నది, చంక గాటు లేదు. యాకయ్య పొట్లకాయ లెక్క ఉంటడు. నేను మీరెరిగిందే, గుమ్మడికాయ. సమ్మయ్య ఒకదిక్కు, ఐలయ్య ఒకదిక్కు గుంజి నా తలకెల్లి ఎక్కిచ్చిండ్రు. ఊపిరి జర జర వస్తాంది. చేతులు కిందికి ఉంటె మంచిగనే ఉన్నది. కిందికే ఉంచుకుంట అనుకున్న.

విజిల్ ఊదిండ్రు. కొద్దిసేపు బంతి నా దిక్కు రాలే. గిదేం పని, నేను జెప్పిందే నిజం అనుకుంటాన, ఇంతల కాజీపేటోడు ఒకడు కార్నర్ కాడికెల్లి బంతిని పైకి లేపిండు. అది నింపాదిగ నా తల మీదికే వస్తాంది. పట్టుకుందామని చేతులు లేపిన. భుజాల దాక లేచినయ్, ఆగినయ్. ఇగ పైకి పోవు. అడ్డంగ చాపుకొని నిలవడ్డ, పొలంల దిష్టిబొమ్మ లెక్క. బంతి నా నెత్తి మీది నుంచి మెల్లగ లోపటికి పోయింది.

ఎనుకకెల్లి యాకయ్య గొంతు. "మామా, చేతులు లేపు."

"లేస్తలేవురా."

"నాకు గుడ లేస్తలేకుండె మామా. మూడేండ్ల సంది చెప్తాన."

ఇంక పల్లికాయ ఒలుస్తనే ఉన్నడు. మూడేండ్లు వాడు అడిగినప్పుడల్ల నేనేమన్ననో వానికి యాదికున్నది. కుట్టుల తప్పు లేదు, నీ చేతులల్లనే తప్పున్నది అన్న. ఆ మాట ఇప్పుడు వాడు అనలే. అంటె మంచిగుండు, నేను గుడ తిరిగి ఏదన్న అందును.

తర్వాత సంగతి నేను చెప్ప. కాజీపేటోళ్లకు దారి దొరికింది. అందరు పైనుంచే కొట్టుడు. ఒకటి నా కడుపుకు తగిలి ఆగింది, అది ఎవ్వలు యాది చేస్తలేరు. ఆట సగమయ్యేటాలకు నాకు కండ్లు తిరిగినయ్, పక్కకు కూసోవెట్టిండ్రు. పల్లికాయ పొట్లం సైకిల్ మీద పెట్టి యాకయ్య లోపటికి వచ్చిండు. ఇంక మనిషి రాకుంటె టీము ఇజ్జత్ పోతదని వానికే అనిపిచ్చిందట. అప్పటికే ఎవ్వలదో పోయింది, అది చెప్పిండా?

వాడు నిలవడాల్నంటె అంగి కావాలె. అంగి నా మీది నుంచి రాదు. చెమటకు డ్రిల్లు గుడ్డ తోలు లెక్క అంటుకున్నది. తలకెల్లి గుంజిండ్రు, మెడ కాడ ఆగింది. సమ్మయ్య ఒక చెయ్యి, రాజమౌళి ఒక చెయ్యి పట్టి కుట్లు ఊడేటట్టు గుంజిండ్రు. సమ్మయ్య కాలు నా నడుముకు తన్నివెట్టి మరి గుంజిండు. ఊడలే. లోపట చీకట్ల, ఊపిరాడకున్నా నాకు జర గర్వమనిపిచ్చింది.

కిష్టయ్య నా దుకానంకెల్లి కత్తెర తెచ్చిండు. నేను అంగి లోపటికెల్లే చెప్పిన, "కుట్టు మీద పెట్టకు, గుడ్డ మీద కొయ్యి." ఈపు మీద మెడ కాడికెల్లి కింది దాక కోసిండు. ఆయనకు కోసుడే తెల్వది, పంది మీద కత్తి పెట్టినట్టున్నది. రెఫరీ తనే ఒక ఎర్ర బనీను ఇచ్చిండు యాకయ్యకు. మిగిలిన ఆటల వాడు ఒక్కటి పోనియ్యలే. రెండు చేతులు ఆకాశానికి లేపుతాండు, నన్ను చూసుకుంట.

ఆట అయినంక కిష్టయ్య రాజమౌళిని పట్టుకున్నడు. చూసినవా, లోపముంటె ఇడిసిపెడతనన్నడు, ఇగ హన్మకొండోనికే ఇద్దాం అన్నడు. ఒంటి మీద అంగి లేనోడు ఏం మాట్లాడుతడు?

యాకయ్య కోసిన అంగి ముక్కలు ఏరిండు. చంక కాడి కుట్టును రెండు చేతుల పట్టి, ఆ పొడుగు చేతులతోని, గుంజిండు. మళ్ల గుంజిండు.

"అన్నా, అంగిలు మామనే కుట్టాలె" అన్నడు రాజమౌళితోని. "గిసొంటి కుట్టు హన్మకొండల దొరుకది. మామ నాకు జర చేతులు లేపనిస్తె సాలు."

రాజమౌళి తల ఊపిండు. టీము అంగిలు కుట్టుడు నాకే ఉన్నది. కని చూడుండ్రి, నేను అగ్గిపెట్టె అన్నోడే నా తరఫున మాట్లాడవట్టె. దాని కన్న కిష్టయ్య తిట్టినా సుఖంగుండు. కోపమన్న చేస్తును.

తెల్లారి యాకయ్య దుకానానికొచ్చిండు. చేతులు పైకి లేపుమన్న. లేపిచ్చి కొలిచిన, పట్టికి కొత్తగ చంక గాటు పెట్టిన. అటెన్క హోటల్‌కు పోయిన. బల్ల మీద గ్లాసులు మళ్ల నిలవడ్డయ్, ఈసారి గోల్ కాడ రెండు గ్లాసులు. రెండో గోలీ ఎవ్వలని రాజమౌళి అడిగిండు. అందరు చాయ్ తాగుకుంట నా దిక్కు చూసిండ్రు. నేను గ్లాసు సగంల పెట్టి లేచొచ్చిన.

నా ముంగటికెల్లి గోల్ లోపటికి ఎన్ని పోయినయో కిష్టయ్యను అడుగుండ్రి, ఆయన వచ్చినోనికల్ల చెప్తాండు. నేను ఒక్క మాటనే చెప్త. నన్ను దాటి బంతులు ఎన్ని పోయినా, నా కుట్టుల నుంచి ఒక్క పోగు పోలే.